తలుపు దగ్గరి తాళాల బుట్ట

గురువారం ఉదయం ఆరు దాటి పది నిమిషాలకు సౌదీలోని దమ్మామ్ ఆసుపత్రిలో మా పక్క గది అన్న చనిపోయాడు. గుండెపోటు. ఉద్యోగం ముగించి ప్రొద్దుటూరు వెళ్లిపోవడానికి తీసుకున్న ఫైనల్ ఎగ్జిట్ కాగితం ఆయన బ్యాగులోనే ఉంది.

ఇక్కడి నుంచి పత్రికకు చావు వార్తలు చాలా రాశాను. పేరు, ఊరు, కారణం. ఇది రాయడానికి అవి చాలడం లేదు. ఇందులో నా తాళాలగుత్తి ఉంది.

ఆయన ఒక ల్యాబ్‌లో టెక్నీషియన్. అక్కడ చేసేది ఇనుము కలిసిన ఒక రకం సబ్బు. మామూలు సబ్బు అయస్కాంతానికి పలకదు, ఇది పలుకుతుంది. నీళ్లలో చిక్కగా కలిపితే దాని అణువులు వరుసలు కడతాయి. పారడానికి ద్రవమే, లోపల మాత్రం స్ఫటికంలో ఉన్నంత క్రమం. పాలిమర్ కలిపి గాజు పలక మీద పోసి, అయస్కాంతం పక్కన వారం రోజులు ఆరనిస్తే ఆ వరుసలు పల్చటి ఫిల్మ్‌లో నిలిచిపోతాయి. నిలిచాయో లేదో చూడటానికి ఆయన దగ్గర రెండు నల్లటి ఫిల్టర్లు ఉండేవి. ఒకదాని మీద ఒకటి అడ్డంగా పెడితే చీకటి. మధ్యలో ఫిల్మ్ పెడితే వెలుతురు. ఇన్నేళ్లలో మచ్చ లేని వెలుతురు ఒక్కసారీ రాలేదు. ఒక్కటి చూసి ఇంటికి పోవాలనుకున్నాడు.

"నమాజుకు చెప్పులిడిసినట్ల దీని కాడికి ఇనుమిడిసి పోవల్ల" అనేవాడు. వాచీ, బెల్టు తలుపు బయటే తీసేవాడు. అందుకని ప్యాంట్లకు నాడాలు కుట్టించుకున్నాడు.

పోయిన ఆదివారం ఫిల్మ్ ఒలిచే రోజు. మంగళవారం ఆయన విమానం. వార్త రాద్దామని వెళ్లాను. ఫోన్ బయట పెట్టాను, చొక్కా జేబులో తాళాలు మరిచాను. నేను పలక మీదికి వంగగానే గుత్తి ఎగిరి అయస్కాంతానికి కొట్టుకుంది. మధ్యలో ఉన్న పలక పగిలింది.

ఆయన వంగి ముక్కలు ఏరసాగాడు.

"ఏం అబ్బీ, ఊరందరి సంగతి రాస్తావు, నీ జేబులో ఏముందో తెల్దా?"

"తప్పయిపోయిందన్నా."

"పోనీలే. సబ్బుకు తొందర ల్యా. తొందరంతా మనకే."

మిగతాది ఇంకెవరైనా చేస్తారు, నువ్వు వెళ్లు అని ల్యాబ్ అధికారి చెప్పాడు. "వేరేటోళ్లు బెల్టుతో వస్తారు" అని నాతో నవ్వి, టికెట్ వచ్చే వారానికి మార్చుకున్నాడు. ఆ మధ్యాహ్నమే కొత్త పలక పోశాడు.

మంగళవారం వెళ్లి ఉంటే ఏమయ్యేదో వైద్యులు చెప్పలేదు. నేనూ అడగలేదు. రోజుల లెక్క మాత్రం తెలుసు.

ప్రొద్దుటూరులో ఆయన ఇంట్లోవాళ్లు ఫోన్‌లో ఒప్పుకున్నారు. శనివారం సాయంత్రపు అసర్ నమాజు తర్వాత ఇక్కడే ఖననం. ఆదివారం పది గంటలకు ఆ ఫిల్మ్ ఒలుస్తారు, నన్నూ రమ్మన్నారు. ల్యాబ్ తలుపు దగ్గర ఆయన కొత్తగా పెట్టిన ప్లాస్టిక్ బుట్ట ఉంది. దాని మీద "తాళాలు ఇక్కడ" అని తెలుగులో రాసి ఉంది. అక్కడికి వచ్చేవాళ్లలో తెలుగు చదవగలిగేది ఇప్పుడు నేనొక్కణ్ణే.