మన్ననూరు దగ్గర ఆగిన చుక్క

మా ఆవిడకి చాలాకాలంగా ఒక కోరిక ఉండేది, నాగార్జునసాగర్ నుంచి శ్రీశైలం దాకా లాంచీలో వెళ్లాలని. సాగర్‌లో ఎక్కి సాగర్‌లోనే దిగే గంటసేపు షికారు ఆమెకి అక్కర్లేదు. "పడవెక్కితే ఎక్కడికైనా చేరాలండీ. చుట్టూ తిప్పి ఎక్కినచోటే దింపితే అది రంగులరాట్నం" అనేది. జలాశయంలో నీళ్లు నిండుగా ఉన్న రోజుల్లోనే ఆ లాంచీ నడుస్తుంది. ప్రతి ఏడూ నీళ్లు వచ్చేవి, పోయేవి. మేం మాత్రం మన్సూరాబాద్‌లో మా ఫ్లాటు దాటేవాళ్లం కాదు.

కారణం నేనే. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో ముప్పయ్యేళ్లు లెక్కలు చెప్పాను. చెప్పిన పాఠాల కంటే పట్టుకున్న కాపీ చిట్టీలే ఎక్కువ. చొక్కా మడతలో, బూటులో, వాటర్ బాటిల్ కాగితం లోపలివైపు, ఎక్కడ దాచినా పట్టేసేవాణ్ణి. రిటైరయ్యాక పరీక్షలు లేవు కదా, ఆ చూపంతా పాలవాడి మీదా, కూరల తక్కెడ మీదా, మా వాచ్‌మన్ మీదా పడింది. "మీకు దేవుడు కనిపించినా ముందు హాల్ టికెట్ చూపించమంటారు" అని మా ఆవిడ నలుగురిలో అనేసేది. నేను నవ్వేవాణ్ణే గానీ మారలేదు.

లాంచీతో వచ్చిన చిక్కు కారు. సాగర్ దాకా కారులో వెళ్తాం. లాంచీ మమ్మల్ని శ్రీశైలం ఆనకట్ట కింద లింగాలగట్టులో దింపేస్తుంది. మరి కారో? సాగర్ పార్కింగులో ఎండలో వదిలేస్తే మళ్లీ దానికోసం వెనక్కి రావాలి. పోనీ ఎల్బీనగర్‌లో బస్సెక్కి, కారు ఇంటి దగ్గరే వదిలేసి వెళ్దామంటే మా ఆవిడ మోకాళ్లకి ఆర్టీసీ మెట్లు పడవు. రానూపోనూ వాళ్లే చూసుకునే ప్యాకేజీలున్నాయి గానీ, వాళ్ల మాటల్లో తీపి ఎక్కువైందని నేనే వద్దన్నాను.

కింది ఫ్లాటులో ఉండే పెద్దాయనది మన్సూరాబాద్ పాత కుటుంబమే. సంగతి విని తేలిగ్గా అన్నాడు. "గింత దానికి పరేషాన్ ఎందుకు సార్? యాక్టింగ్ డ్రైవర్‌ను పెట్టుకోండి. మిమ్ముల లాంచి ఎక్కిచ్చి, బండి తీస్కొని రోడ్డు మీద శ్రీశైలం ఒస్తడు. మీరు దిగేటాల్లకు గాడ ఉంటడు. నాకు ఎరికైనాయన ఉన్నడు, మంచి మనిషి."

సొంత డ్రైవరు కాకుండా, ఒకటి రెండు రోజులకి వచ్చి మన బండి నడిపిపెట్టేవాణ్ణి ఇక్కడ యాక్టింగ్ డ్రైవరంటారు. ఆ మాట ఎన్నిసార్లు విన్నా నాకు నచ్చదు. నటించేవాడి చేతిలో తాళాలు పెట్టడమేమిటి? అందులోనూ మేం నీళ్ల మీద ఉండే ఆరు గంటలూ మా కారు ఎక్కడుందో మాకు తెలియదు. మా ఆవిడ మాత్రం అప్పటికే చీరలు సర్దేసుకుంది.

బయల్దేరిన రోజు తెల్లవారుజామున ఐదింటికి ఆ డ్రైవరు మీర్‌పేట్ నుంచి వచ్చాడు. నలభై అయిదేళ్లుంటాయి. ఇస్త్రీ చొక్కా, జేబులో చిన్న దువ్వెన. చాలాకాలం స్కూలు బస్సు నడిపానన్నాడు. నేను నా పద్ధతిలో దిగాను. కారుకి నాలుగువైపులా ఫొటోలు తీసుకున్నాను. తర్వాత ఆయన్ని కారు పక్కన నిలబెట్టి, లైసెన్సు గుండె దగ్గర పట్టుకోమని ఇంకో ఫొటో తీశాను. మా ఆవిడ తల తిప్పుకుంది. ఆయన మాత్రం ఏమీ అనుకోలేదు. దువ్వెన తీసి ఓసారి జుట్టు సర్దుకుని, "సక్కగ ఒచ్చిందా సార్?" అని అడిగాడు. వాట్సాప్‌లో ఆయన ఫోన్ని బట్టి కారు ఎక్కడుందో చుక్కలా కనిపించే ఏర్పాటు కూడా తర్వాత లాంచీ ఎక్కేముందు చేయించాను.

అంతటితో ఆగినా బాగుండేది.

సాగర్ రోడ్డెక్కే ముందు బంకు దగ్గర ఆపించాను. ఎప్పుడూ ఫుల్ ట్యాంకు కొట్టించే మనిషిని ఆరోజు లీటర్ల లెక్క చెప్పాను. సాగర్‌కి ఎంత, అక్కణ్ణించి దేవరకొండ, డిండి, మన్ననూరు మీదుగా శ్రీశైలానికి ఎంత అని ముందురోజే కాగితం మీద వేసుకున్నాను. ఆ దారికి సరిపోను, పైన కొంచెం. కారెత్తుకుని పారిపోదామనుకున్నా ఎంతో దూరం పోలేడని నా ఉపాయం. ఇంకో సంగతి. మా కారులో పెట్రోలు ముల్లు ఏడాదిగా చెడిపోయి ఉంది. ట్యాంకు ఎండిపోయినా సగం దగ్గరే నిలబడుతుంది. అది మా ఇద్దరికే తెలుసు. ఆయనకి చెప్పలేదు. చెబితే దారిలో కొట్టించుకుంటాడు కదా.

లాంచీ కదిలింది. ఒడ్డున నిలబడి ఆయన మా ఆవిడకేసి చెయ్యి ఊపాడు. "మంచిగ చూసుకుంట రండి మేడం, మొసళ్లు కనవడ్తయంట." ఆమె చిన్నపిల్లలా తిరిగి చెయ్యి ఊపింది. నేను తాళాల గుత్తి ఆయన వేలికి తిరుగుతుండటం చూశాను.

ఆ తర్వాత ఆరు గంటలు మా ఆవిడ నది చూసింది, నేను ఫోన్ చూశాను. కొండల మధ్యకి వెళ్లగానే సిగ్నల్ పోయింది. నల్లమల రెండువైపుల నుంచీ దగ్గరికి వచ్చింది, నీళ్లు పచ్చబడ్డాయి, ఎక్కడో రాతిమీద నిజంగానే మొసలి పడుకుంది. "చూడండి, చూడండి" అని ఆమె మోచేత్తో పొడిచింది. చూశాను, ఏమీ కనిపించలేదు. ఈపాటికి కారు దేవరకొండ దాటిందా, లేక ఏ షెడ్డులోనో నంబరు ప్లేటు మారిపోతోందా అన్నదే నా బుర్రలో తిరుగుతోంది. కాసేపటికి ఆమె నన్ను పిలవడం మానేసి, అటు తిరిగి కూర్చుంది.

మూడున్నరకి లింగాలగట్టులో దిగాం. కారు లేదు. లాంచీలో వచ్చినవాళ్లంతా వాళ్ల వాళ్ల బస్సులూ జీపులూ ఎక్కి వెళ్లిపోయారు. సిగ్నల్ రాగానే వాట్సాప్ తెరిచాను. చుక్క మన్ననూరు దగ్గరుంది. అడవికి అవతలి కొసన, మాకు గంటన్నర దూరంలో. అది కదలడం లేదు.

ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేశాను, మళ్లీ మోగింది. అడవిలో ఉంటే మోగదు కదా! ఊళ్లో కూర్చుని, నా పేరు చూస్తూ కూడా ఎత్తడం లేదన్నమాట. "టీ తాగుతున్నాడేమో" అంది మా ఆవిడ. "ఇంతసేపా?" అన్నాను. "మరి టైరు పంక్చరేమో." "నీకు లోకం తెలీదు, నువ్వుండు" అని విసుక్కున్నాను.

మెసేజులు మొదలుపెట్టాను. మొదటిది మర్యాదగానే, ఎక్కడున్నావు అని. రెండోది కొంచెం గట్టిగా. ప్రతిదాని పక్కనా రెండు గీతలు పడుతున్నాయి, అంటే చేరింది. నీలం రంగు మాత్రం రావడం లేదు. అరగంటలో ఏడు పంపాను. ఏడోది ఇప్పటికీ అక్షరం అక్షరం గుర్తుంది. "నీ ఫొటో, లైసెన్సు నా దగ్గరున్నాయి. పోలీసులకి ఇస్తున్నాను. నీలాంటి దొంగల్ని ముప్పయ్యేళ్లుగా చూస్తున్నాను." అది పంపాక ప్రాణం కాస్త కుదుటపడింది. ఆ మాట ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

మా ఆవిడ రేవు మెట్ల మీద మోకాళ్లు పట్టుకుని కూర్చుంది. అయిదున్నర దాటాక, నేను పోలీసు ఔట్‌పోస్టు ఎక్కడని ఎవర్నో అడుగుతుండగా, మలుపు తిరిగి మా కారు వచ్చింది.

దిగిన మనిషి పొద్దున చూసిన మనిషిలా లేడు. ఇస్త్రీ చొక్కా చెమటకి ఒంటికి అంటుకుపోయింది, ప్యాంటు మోకాళ్ల దాకా దుమ్ము. కారులోంచి పెట్రోలు వాసన గుప్పుమంది.

"మాఫ్ చేయండి సార్, చాన లేటైంది. తొవ్వల బ్రిడ్జి పని నడుస్తున్నదని చుట్టు తిప్పి పంపిన్రు. అడవి నడిమిట్ల బండి ఆగిపోయింది. చూస్తె పెట్రోల్ లేదు. ముల్లేమో సగం చూపిస్తున్నది! అద్దాలన్ని ఎక్కిచ్చి, తాళమేసి, కొంత దూరం నడిశి, ఎనకకు పోయే లారీ ఎక్కి మన్ననూరు పోయిన. సీసలల్ల పెట్రోల్ పొయ్యరంట. ఆఖరికి ఆల్ల డబ్బ ఇస్తమన్నరు గని, నమ్మకానికి ఏమన్న పెట్టిపొమ్మన్నరు. ఫోన్ పెట్టొచ్చిన. అందుకే మీకు చేయలేకపోయిన." అక్కడ ఆగి, మా ఆవిడవైపు తిరిగాడు. "మేడం, మీరు ఎండల కూసున్నరా ఏంది?"

చుక్క మన్ననూరులో ఎందుకు ఆగిందో అప్పుడు అర్థమైంది. బంకు బల్ల మీద ఎవరూ ఎత్తని ఫోన్ మోగుతూ ఉండి ఉంటుంది, దానిలో నా ఏడు మెసేజులూ.

"ముల్లు ఖరాబైంది సార్, చూపిచ్చుకోండి" అన్నాడు. మా ఆవిడ నావైపు చూసింది. "చెప్పడం మర్చిపోయాను" అన్నాను. "అయితది సార్, పెద్దమనుషులు మరుస్తరు" అని ఆయనే నన్ను సమర్థించాడు.

ముందే అనుకున్నట్టు ఆ పూట శ్రీశైలంలో సత్రంలో దిగాం. గదిలో అడుగుపెట్టగానే మా ఆవిడ అడిగింది. "పొద్దున బంకులో లీటర్లు ఎందుకు చెప్పారు?" నేను సంచీ విప్పడం మొదలుపెట్టాను. "మీరు మర్చిపోవడమా!" అని మాత్రం అని, మోకాళ్లకి మందు రాసుకుంటూ కూర్చుంది. నేను ఓ మూలకి పోయి, ఫోన్ తీసి, ఏడు మెసేజులూ ఒక్కొక్కటిగా ఆయన వైపు కూడా పోయేలా తుడిచేశాను. పరీక్ష హాల్లో నన్ను చూసి చిట్టీ మింగేసిన పిల్లాడు గుర్తొచ్చాడు. వాణ్ణి నేను వదల్లేదు.

మర్నాడు పొద్దున మన్ననూరు దాకా ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు. స్కూలు బస్సులో పిల్లలు పెట్టిన అల్లరి చెబుతుంటే మా ఆవిడ వెనక సీట్లో పడిపడి నవ్వింది. బంకులో డబ్బా ఇచ్చేసి ఫోన్ తెచ్చుకున్నాడు. బంకు కుర్చీలో కూర్చున్నాయన నన్ను చూసి, "మీ డ్రైవర్ నిన్న ఉరుకులాడిండు సార్. మా సార్‌వాల్లు గాడ ఆగమైతరు, జల్ది ఇయ్యండని ఒకటే లొల్లి" అన్నాడు. పెట్రోలు ఎంత కొట్టాలని అడిగితే ఫుల్ అన్నాను.

మా డ్రైవరు సీట్లో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. వేలు ఆగింది.

"సార్, ఏడు మెసేజులు పంపి తీసేసిన్రు. ఏమన్న అర్జెంటుండెనా?"

తుడిచేసినా గుర్తు మిగులుతుందని నాకు తెలియదు. "ఏం లేదయ్యా, పొరపాటున..." అన్నాను.

"చెప్పండి" అంది మా ఆవిడ. గొంతు పెంచలేదు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె ఆ గొంతుతో నాతో ఎప్పుడూ మాట్లాడలేదు.

చెప్పాను. దొంగ అని రాసింది చెప్పాను, పోలీసుల సంగతి చెప్పాను. అక్కడితో ఆగబోతే ఆమె ఇంకా నావైపే చూస్తోంది. పెట్రోలు లెక్క కూడా చెప్పాను, ముల్లు సంగతి కావాలనే దాచానని చెప్పాను. ఆయన స్టీరింగు మీద చెయ్యి పెట్టుకుని అద్దంలోంచి ముందుకి చూస్తూ విన్నాడు.

"గట్లనా సార్" అన్నాడు. బండి స్టార్ట్ చేశాడు.

డిండి, కల్వకుర్తి, కడ్తాల్ దాటాం. స్కూలు బస్సు కథ సగంలోనే ఆగిపోయింది. క్షమించమని రెండుసార్లు నోటిదాకా వచ్చింది, ఒక్కసారి అన్నాను కూడా. "పర్వాలేదు సార్" అన్నాడు, ఆఫీసు కౌంటర్లో అనేవాళ్లలాగ. మా ఆవిడ దారిపొడుగునా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

ఎల్బీనగర్ చౌరస్తా దాటి మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో కారు పెట్టాడు. తాళాలు నా చేతికివ్వలేదు, కారు ముందుభాగం మీద పెట్టాడు. జేబులోంచి ఫోన్ తీశాడు. కారుకి ముందొక ఫొటో, వెనకొకటి, పక్కలు రెండు. వంగి లోపల ముల్లుని కూడా తీశాడు.

"ఇంతకుముందు ఎప్పుడు తీయలే సార్. ఇంగ తీస్కుంట" అన్నాడు. కోపంగా అనలేదు. తర్వాత నావైపు చూశాడు.

"సార్, జర బండి పక్కన నిలవడుండ్రి."

వాచ్‌మన్ చూస్తున్నాడు, మా ఆవిడ చూస్తోంది. నేను వెళ్లి కారు పక్కన నిలబడ్డాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆయన ఫొటో తీసుకుని, దగ్గరగా పట్టుకుని ఓసారి చూసుకున్నాడు.

"సక్కగ ఒచ్చింది సార్" అని, ఫోన్ జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.