ఏడో విషయం, నా సిగ్డీ

ఆ రోజు మంగళవారం. దసరా వెళ్ళాక వచ్చిన రెండో మంగళవారం. పొద్దున పదకొండు గంటల నలభై నిమిషాలు. నాకు అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి గానీ గడియారం చూడడం పెళ్ళికి ముందే వచ్చు. కాబట్టి సమయం దగ్గర నాతో ఎవరూ వాదించనక్కరలేదు. సరిగ్గా ఆ నిమిషాన మా నగర పంచాయతీ సభ్యులందరూ చేతులెత్తి, ఊళ్ళో ఎవరూ బొగ్గుల పొయ్యి పెట్టి వ్యాపారం చేయరాదని తీర్మానించారు. మా ఊళ్ళో బొగ్గుల పొయ్యి మీద బతికేవాళ్ళం ఇద్దరమే. బస్టాండు దగ్గర మక్కకంకులు కాల్చి అమ్మే ఒకామె, చాయ్ అమ్మే నేను. ఆ నిమిషాన సభ మధ్యలో కెటిల్ పట్టుకొని నిలబడ్డదాన్ని కూడా నేనే.

మా ఊరు చంద్రపూర్‌కు బస్సులో ముప్పావు గంట. పేరు రాయను. అక్కడ నా మేనల్లుడు మళ్ళీ ఓట్లకు నిలబడాలి. బొగ్గుగనిలో పనికి వచ్చిన మా ఆయన వెనక నేను ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చాను. ఆయన పోయాక నగర పంచాయతీ ఆఫీసు గోడకు ఆనించి చాయ్ బండి పెట్టుకున్నాను. నా పొయ్యిని ఇక్కడ సిగ్డీ అంటారు. ఇనుప డబ్బా లోపల మట్టి మెత్తి చేసింది. పొద్దున అంటిస్తే సాయంత్రం దాకా ఆరదు. దాని మీద మరిగిన చాయ్‌కు ఒక పట్టు ఉంటుంది. గ్యాస్ మీద చేసిన చాయ్ వేడినీళ్ళకు రంగు వేసినట్టు ఉంటుంది. ఇది నా మాట కాదు, తాగినవాళ్ళ మాట.

సభకు ముందు సభ్యులకు ఆఫీసువాళ్ళు విషయాల పత్రం పంచుతారు. పది పన్నెండు కాగితాలు, పిన్ను కొట్టి ఉంటాయి. సభ్యులు వాటిని తీసుకొని నేరుగా నా బండి దగ్గరికి వచ్చి, చాయ్ తాగి, లేచేటప్పుడు "ఉంచుకో అవ్వా, బజ్జీలకు పనికొస్తయ్" అని అక్కడే వదిలిపోతారు. అందులో దురుద్దేశం ఏమీ లేదు. వాళ్ళకు కాగితం బరువు, నాకు కాగితం అవసరం. మా ఊళ్ళో ఇది ఎన్నో ఏళ్ళ పద్ధతి.

అరవై ఏళ్ళు దాటాక కాలనీలో పెద్దల బడి పెడితే మరాఠీ అక్షరాలు నేర్చుకున్నాను. తెలుగు అక్షరాలు ఆ మరుసటేడు. మనసులో చదువుకోవడం నాకు ఇప్పటికీ రాదు. వేలు కింద పెట్టి పైకి చదవాలి. బజ్జీ చుట్టే ముందు ప్రతి కాగితమూ అట్లా చదివేదాన్ని. చివరికి ఊళ్ళో సభ విషయాలు పూర్తిగా చదివే మనిషిని నేనొక్కదాన్నే అయ్యాను. మోరీ ఎక్కడ తవ్వబోతున్నారో నాకు ముందే తెలిసేది. సభ్యులకు అందులో పడ్డాక తెలిసేది.

ఆ వారం సోమవారం పొద్దున నా మేనల్లుడు, అంటే మా ఆడబిడ్డ కొడుకు, చాయ్ తాగి తన కాగితాలు వదిలి లేచాడు. అతను మా వార్డు సభ్యుడు. నేను బజ్జీలు నూనెలో వేసి కాగితం తీశాను. ఏడో విషయం. వేలు జరుపుకుంటూ చదివాను. గాలి శుభ్రంగా ఉండడానికి ఊళ్ళో సిగ్డీలు నిషేధించాలి, వచ్చే ఒకటో తారీకు నుంచి దొరికినవి దొరికినట్టు పట్టుకుపోవాలి. మా ఊరి చుట్టూ నాలుగు వైపులా పొగగొట్టాలు ఉన్నాయి. కాగితంలో వాటి ఊసు లేదు. కింద ప్రతిపాదించినవారు అన్నచోట నా మేనల్లుడి పేరు, సంతకం.

మోటారుసైకిల్ ఎక్కబోతున్నవాణ్ణి పిలిచాను.

"అరేయ్, ఇటు రా. నా సిగ్డీ నీకేం జేసింది?"

"సిగ్డీ ఏంది అత్తా?"

చదివి వినిపించాను. నోరు తెరుచుకొని విన్నాడు.

"గిట్ల ఎవడు పెట్టిండు?"

"నువ్వే పెట్టినవ్. ఈ సంతకం ఎవ్వనిది?"

కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. "సంతకం నాదే అత్తా. విషయం నాది గాదు."

"చదవకుండనే గీకినవా?"

"ఆఫీసుల పది కాగితాలు ముందల పెడ్తరు. అన్ని సదువుకుంట కూసుంటే వార్డు పని ఎవడు చేస్తడు? నువ్వు రంది వెట్టుకోకు. రేపు నిలవడి కొట్లాడుతా. నా ఒక్క చెయ్యి లేవకుంటే ఎట్ల పాసైతదో చూస్తా."

వాడి మాట మీద నాకు నమ్మకం లేదు. అందుకే మర్నాడు చాయ్ ముందే తీసుకొని లోపలికి పోయాను. విషయాలన్నీ అయ్యాకే చాయ్ తేవాలని క్లర్క్ ఎప్పుడూ చెప్పేవాడు. ఎందుకో నేను అడగలేదు. ఆ రోజు నన్ను చూసి కళ్ళు పెద్దవి చేశాడు. నేను పట్టించుకోలేదు.

సభ జరిగే తీరు అప్పుడే మొదటిసారి చూశాను. క్లర్క్ మరాఠీలో చదువుతున్నాడు, చిన్న స్టేషన్లో ఆగని రైలులాగా. సభ్యులెవరూ అతని వైపు చూడడం లేదు. అందరి చూపూ ముందు వరుసలో ఉన్న బట్టల దుకాణం సేటు మీద. సేటు మన తెలుగాయనే. ఐదుసార్లు గెలిచిన మనిషి, అందరికంటే పెద్ద. ఒక విషయం చదవడం అయ్యేసరికి సేటు చెయ్యి లేస్తుంది. వెంటనే అందరి చేతులూ లేస్తాయి. క్లర్క్ "ఏక్‌మతానే మంజూర్" అని రాసుకుంటాడు. అందరూ ఒప్పుకున్నారని దాని అర్థం. నేను గోడ పక్కన నిలబడి నాలుగో విషయం నుంచి ఆరో విషయం దాకా చూశాను. పెద్దమనిషి, అన్నీ తెలిసి ఎత్తుతున్నాడనుకున్నాను. నా కోసం కూడా ఒక మాట ఆలోచిస్తాడని, ఏడోది మొదలవుతుండగా మొదటి కప్పు ఆయనకే ఇచ్చాను. సాసర్‌లో పోసుకొని రెండు చేతులతో పట్టుకొని ఊదుకుంటూ తాగసాగాడు.

ఏడో విషయం చదవడం అయింది. చెయ్యి లేవలేదు. సభ అంతా అట్లాగే ఆగిపోయింది. క్లర్క్ మళ్ళీ చదివాడు. సేటు చేతుల్లో సాసర్ ఉంది. అప్పుడు నా మేనల్లుడు నిజంగానే లేచాడు. ఈ విషయం తెచ్చినవాడు పేదల కడుపు కొట్టేవాడు, వాడికి తల్లీ అత్తా లేరా అని మరాఠీలో అరిచాడు. తెచ్చినవారు మీరే అని క్లర్క్ గుర్తుచేశాడు. వాడు ఒక క్షణం ఆగి, అయితే నన్ను నేనే ఖండిస్తున్నాను అన్నాడు. నాకు లోపల సంతోషమైంది. ఎంతైనా మా ఇంటి పిల్లవాడు అనుకున్నాను.

అంతలో సేటు సాసర్ ఖాళీ అయింది. దాన్ని బల్ల మీద పెట్టి నన్ను చూసి చెయ్యి లేపాడు.

అన్ని చేతులూ లేచాయి. నా మేనల్లుడి చెయ్యి కూడా లేచింది. నోరు ఇంకా ఖండిస్తూనే ఉంది, చెయ్యి మాత్రం పైన ఉంది. అలవాటు పడ్డ చెయ్యి, దానిదీ తప్పు లేదు.

"ఏక్‌మతానే మంజూర్."

నేను సేటు దగ్గరికి పోయాను. ఆయనకు చెవులు సరిగ్గా వినబడవని గట్టిగా అడిగాను.

"సేటూ, చెయ్యి ఎందుకు లేపిండ్రు?"

"ఇంకో కప్పు పొయ్యి చెల్లే. మస్తుగున్నది."

"మరి ఇంతకుముందు లేపింది?"

"అదీ చాయ్‌కే. ఎంత లేపినా ఎవ్వడూ తేడు. మూడేండ్ల సంది చూస్తున్న, అన్నీ ఒడిసినంక తెస్తవు. ఇయ్యాల జల్ది తెచ్చినవ్, నీ కడుపు సల్లగుండ."

మూడేళ్ళుగా మా ఊరు నా చాయ్ ఆలస్యం మీద నడిచిందన్నమాట. అది విని సభలో ఒక్కరూ నవ్వలేదు. అధ్యక్షురాలు తన పక్క కుర్చీలో కూర్చున్న భర్త వైపు చూసింది. ఆయన క్లర్క్ వైపు చూశాడు. పుస్తకంలో ఎక్కింది ఎక్కినట్టే, మూడు నెలల దాకా తీయడం కుదరదు అన్నాడు క్లర్క్. రెండో కప్పు పోశాను. పోయకపోతే ఎనిమిదో విషయంలో ఇంకెవరి పొయ్యి పోతుందో.

ఒకటో తారీకు ఇద్దరు మనుషులు తోపుడుబండితో వచ్చారు. సిగ్డీ కాలుతోంది, ముట్టుకోలేకపోయారు. ఆరేదాకా కూర్చొని దాని మీదే చాయ్ చేయించుకొని తాగి, తరువాత దాన్ని ఎత్తుకుపోయారు. మర్నాడు మేనల్లుడు మోర్చా తీస్తానంటూ వచ్చాడు, అట్టముక్క మీద నినాదం నన్ను రాయమన్నాడు.

"ఎవ్వల మీదరా మోర్చా?"

"నగర పంచాయతీ మీద."

"నగర పంచాయతీ నువ్వే గదరా!"

"అది లోపట అత్తా. ఇది బయట."

తరువాతి సభకు వాడి ఇంటి నుంచి తెచ్చిన గ్యాస్ పొయ్యి మీద చాయ్ చేశాను. ఇకమీదట చాయ్ ముందే కావాలని సేటు పట్టుబట్టాడు, కాబట్టి ముందే ఇచ్చాను. ఒక గుక్క తాగి కప్పు పక్కకు జరిపాడు. రెండు చేతులూ కోటు జేబుల్లో పెట్టుకున్నాడు. క్లర్క్ విషయం వెనక విషయం చదివాడు. చెయ్యి లేవలేదు. మధ్యాహ్నం రెండు దాటినా ఒక్కటీ మంజూరు కాలేదు, జీతాల విషయంతో సహా.

నాలుగో రోజు క్లర్క్ స్వయంగా నా సిగ్డీని తెప్పించాడు. గోడకు బయట కాదు, లోపల, ఆఫీసు పెరట్లో పెట్టించాడు. తీర్మానంలో ఊరు అని ఉందట, ఆఫీసు అని లేదట. ఇప్పుడు అక్కడే మరిగిస్తున్నాను. మక్కకంకులామె సిగ్డీ మాత్రం ఇంకా స్టోర్ గదిలోనే ఉంది. సేటుకు పళ్ళు లేవు.

ఆమె గురించి రాసిన అర్జీ ఇప్పటికి రెండుసార్లు ఇచ్చాను. రెండుసార్లూ సంతకం పెట్టి తీసుకున్నారు.

మినిట్స్ పుస్తకంలో ఆ మంగళవారం పదిహేడు మంది హాజరని ఉంది. పేర్లు రాయొద్దని మేనల్లుడు బతిమాలాడు. సరే, మనుషులను చెబుతాను. అధ్యక్షురాలు. ఆమె భర్త, సభ్యుడు కాడు, అయినా చెయ్యి లేపాడు. సేటు. నా మేనల్లుడు. వెనక వరుసల్లో పది మంది, అందులో ఇద్దరు నిద్రలో, చేతులు మాత్రం పైకే. క్లర్క్. తలుపు దగ్గర జవాను. కెటిల్‌తో నేను. మక్కకంకులామె అక్కడ లేదు. ఆమెను ఎవరూ పిలవలేదు.