కృష్ణబిలానికో పెట్టె

ఎనభైల చివర హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ చదువుతూ, సెలవులకు సిద్దిపేట వచ్చినప్పుడల్లా అక్క ముందు నా పాండిత్యం ఒలకబోసేవాణ్ని. మా బాపు పోయాక బీడీలు చుట్టి నన్ను చదివించింది అక్కే. వినక ఎక్కడికి పోతుంది?

ఓ మధ్యాహ్నం కృష్ణబిలం గురించి మొదలుపెట్టాను.

"కృష్ణుని గుహనా? గదేడున్నది, మిరుదొడ్డి దిక్కా?" అంది అక్క. ఒళ్లో చాట, చేతిలో బీడీలు చుట్టే తునికాకు.

కడుపుబ్బ నవ్వాను. గుహా కాదు, గుడీ కాదు, చచ్చిన నక్షత్రం అన్నాను. దాంట్లో పడ్డది తిరిగి రాదు. వేడి చాయ్ గ్లాసు విసిరామనుకో, ఆ వేడి లోకంలోంచి మాయమైనట్టా? కాదు, మింగినకొద్దీ బిలం పైవైశాల్యం పెరుగుతుంది, లెక్క అక్కడ తేలుతుంది. దానికీ కాస్త వేడి ఉంటుంది, కొంచెం కొంచెంగా బయటికి వదులుతుంది. అసలు వింత అక్కడే. మన చాయ్ వేడి పోతే చల్లారుతుంది. ఇది మాత్రం వేడి ఇచ్చినకొద్దీ చిక్కిపోతుంది, చిక్కినకొద్దీ ఇంకా కాగుతుంది. చివరికి ఏమీ మిగలదు.

అక్క చుట్టడం ఆపింది. "దాన్ని ఆపెటందుకు ఉపాయం లేదా తమ్మీ?"

"ఉన్నది. చిన్న పెట్టెల పెట్టి మూస్తే, ఇడిసిన వేడి మళ్ల దానికే వస్తది. గప్పుడు నిలబడ్తది."

"మరి పెట్టరాదు?"

"గది ఉత్త ఊహనే అక్కా. నిజంగ పెట్టేటోళ్లు ఎవ్వల్లేరు."

"పాపం," అని మళ్లీ కత్తెర అందుకుంది.

అప్పటికే ఆమె చిక్కి సగమైంది. పొద్దు వాలితే ఒళ్లు కాగేది. దగ్గు ఆగేది కాదు. అది తంబాకు దగ్గేనని అక్క అంటే నమ్మాను, నమ్మడమే నాకు సులువు. దవాఖానకు పోదామని ఒక్కసారి అన్నాను. "నీ పరీక్షలైనంక పోదాం తీ" అంది. రెండోసారి అడగలేదు. ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పరీక్షలో ఆ పెట్టె ప్రశ్నే వచ్చింది, తప్పు లేకుండా రాశాను. ఇంటికి వచ్చేసరికి అక్క ఇక లేదు.

ఆ సెలవుల చివర, నేను పరీక్షలకు బయల్దేరిన రోజు బస్టాండులో, ఎప్పటిలాగే నా తల మీద చెయ్యి పెట్టి "సల్లగుండు తమ్మీ" అంది. మా దగ్గర చల్లగా ఉండడమంటే బాగుండడమే. ఆ చెయ్యి కాలిన పెనంలా ఉంది. నేను చల్లగానే ఉన్నాను. ఆమె వేడంతా ఎవరి బతుక్కి పోయిందో, ఆ ఒక్క లెక్క నాకు బాగా తెలుసు.