షార్ట్ లెగ్‌లో మా సోని

టెస్టు క్రికెట్‌లో కొత్తగా వచ్చినవాళ్లకు ఒక మర్యాద జరుగుతుంది. తీసుకెళ్లి షార్ట్ లెగ్‌లో నిలబెడతారు. బ్యాటర్ పక్కనే, ఆమె ఊపిరి వినబడేంత దగ్గర, మోకాళ్లు వంచి నిలబడాలి. ఆమె గట్టిగా కొట్టిందంటే బంతి ఎటు వస్తుందో చూసుకునే వ్యవధి కూడా ఉండదు. నేను ఆడిన ఒకే ఒక్క టెస్టులో నన్నూ అక్కడే పెట్టారు. "పొట్టిదానివి, నీ మీద నుంచి పోతుందిలే" అని మా కెప్టెన్ నవ్వింది. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

మ్యాచ్ అయ్యేదాకా భయంతో చచ్చాను. పేపర్లో మాత్రం నన్ను ధైర్యవంతురాలైన రూప్లి అని రాశారు. తర్వాత మోకాలు పాడైంది, ఆట పోయింది, హైదరాబాద్‌లో ఒక టీవీ ఛానల్ వాళ్లు తెలుగు కామెంటరీకి పిలిచారు. ఇంట్లో లంబాడీ మాట్లాడే తండా పిల్ల తెలుగులో ఏం చెబుతుందని కొందరు పెదవి విరిచారు. విరిస్తే విరిచారు. టెస్టు మ్యాచ్ చెప్పాలంటే మాటలు రావడం కన్నా ఆగడం రావాలి. బౌలర్ కదలగానే నోరు మూసుకోవాలి. బంతి సంగతి తేలాక తెరవాలి. కంటికి కనిపించిందే చెప్పాలి. నేను నేర్చుకున్న చదువంతా ఇదే.

ఈ ఫిబ్రవరిలో మా చెల్లెలు సరళ కూతురు సోనిని టెస్టు జట్టులోకి తీసుకున్నారు. సొంత పిల్ల ఆడుతుంటే మైకు ముందు కూర్చోవడం బాగుండదని సెలవు పెట్టి, ఖమ్మంలో భద్రాచలం బస్సెక్కి, అడవి అంచున ఉన్న మా తండాలో దిగాను. సోని చేతికి మొదట బంతి ఇచ్చింది నేనే. "దానికేమన్న అయితే నీతోని మాట్లాడ" అని సరళ చాలాసార్లు అన్నది. ఒక్కసారి కూడా నవ్వుతూ అనలేదు.

మ్యాచ్ మొదలైంది. సరళ టీవీ చూడనన్నది. వాకిట్లో పట్టా మీద ఎండుమిర్చి కుప్ప పోసుకుని, ఇంటికి వీపు పెట్టి, రంగు పోయిన తాలు కాయలు ఏరుతూ కూర్చుంది.

"టీవీ సప్పుడు బంద్ చెయ్యక్కా. వాళ్ల లొల్లికి నా గుండె ఆగుతది. నువ్వే చెప్పు. టీవీల చెప్పినట్టు తెలుగుల చెప్పు. మన మాటల చెప్తే నాకింకా భయమైతది."

"మరి నాకేమిస్తవే?"

"జొన్నరొట్టె పెడ్త. చెప్పు."

కిటికీ తెరిచి మంచం మీద కూర్చున్నాను. ఫీల్డింగ్ సోని వాళ్లదే. కెప్టెన్ చేయి ఊపగానే సోని హెల్మెట్ పెట్టుకుని బ్యాటర్ పక్కకు నడిచింది.

"సోని ఏడున్నది?"

"షార్ట్ లెగ్‌లో ఉంది."

"అంటే దూరమేనా?"

అబద్ధం చెప్పబుద్ధయింది. "దగ్గరే," అన్నాను.

నేను చెప్పుకుంటూ పోయాను. ఆడేటప్పుడు బంతి మీదికొస్తే భయపడే తీరికే ఉండదు, ఒళ్లు తనంతట తానే వంగుతుంది. చూస్తూ చెప్పేవాళ్లకు ఆ అదృష్టం లేదు. ప్రతి బంతికీ నేను మంచం కోడు పట్టుకుంటున్నాను, గొంతు మాత్రం వణకనివ్వడం లేదు. వాకిట్లో ఉన్న మనిషికి ఆట అంటే నా గొంతే.

లంచ్ తర్వాత స్పిన్నర్ వేసిన బంతి పొట్టిగా పడింది. బ్యాటర్ వెనక్కి జరిగి బలమంతా పెట్టి తిప్పింది. సోని వీపు తిప్పింది. హెల్మెట్‌కూ భుజానికీ మధ్య ఎక్కడో తగిలింది. మెడే అనుకున్నాను. పిల్ల బోర్లా పడిపోయింది. అందరూ అటు పరుగెత్తుతున్నారు. సోని కదలడం లేదు.

టీవీ ఆరిపోయింది. ఫ్యాన్ నెమ్మదించి ఆగింది. కరెంటు పోతే మా దగ్గర టవరూ పోతుంది. ఫోన్ చూశాను, సిగ్నల్ లేదు.

"చెప్పవేందక్కా?"

"ఓవర్ అయిపోయింది," అన్నాను. "నీళ్లు తెచ్చారు. సోని హెల్మెట్ తీసింది. నీళ్లు తాగుతోంది. పక్క పిల్లతో ఏదో చెప్పి నవ్వుతోంది."

నల్లటి టీవీలో నా మొహం తప్ప ఏమీ లేదు. దాన్ని చూస్తూనే బౌలింగ్ మొదలుపెట్టించాను. నా మ్యాచ్‌లో ఎవరూ సోని ఉన్న వైపు కొట్టలేదు. కొట్టిన ప్రతి బంతినీ అవతలి వైపుకే పంపాను. మంచి బంతులు వేయించాను, చప్పట్లు కొట్టించాను. కళ్లముందు మాత్రం బోర్లా పడ్డ పిల్లే ఉంది. చెమటకు జాకెట్ తడిసిపోయింది.

"అక్కా," అన్నది సరళ, ఇటు తిరగకుండానే. "చేన్ల మోటరు ఎప్పుడో ఆగింది. కరెంటు లేదని నాకెర్కే."

నేను కిటికీ వైపు తిరిగాను.

"ఆపకు. పిల్ల నీళ్లు తాగిందంటివి గదా. నవ్విందంటివి. తర్వాతేమైందో చెప్పు."

ఏడుస్తూ చెప్పాను. సోని మళ్లీ హెల్మెట్ పెట్టుకుందనీ, ఎండ బాగా ఉందనీ, పిల్ల నిలబడే ఉందనీ చెప్పాను. సరళ "అవ్, అవ్" అంటూ మిరపకాయలు ఏరుతూనే ఉంది. తాలుకాయలూ మంచికాయలూ ఒకే కుప్పలో పడుతున్నాయి.

ముందు చేలో మోటారు మోగింది. తర్వాత ఫ్యాన్ తిరిగింది. టీవీలో బొమ్మ వచ్చేలోపే సరళ మిర్చి చేతులతోనే లేచొచ్చి గడప మీద నిలబడింది. బొమ్మ వచ్చింది. భుజం మీద తగిలిన దెబ్బను డాక్టర్ చూసి ఫరవాలేదన్నాడని మాకు సాయంత్రం గానీ తెలియలేదు. అప్పటికి కనిపించింది ఒక్కటే. సోని అదే చోట, అదే బ్యాటర్ పక్కన, మోకాళ్లు వంచి నిలబడి ఉంది. బౌలర్ కదిలింది.

నా వల్ల కాలేదు. గోడ వైపు తిరిగి కళ్లు గట్టిగా మూసుకున్నాను.

"నువ్వు చెప్పవే సరళా," అన్నాను.

దానికి క్రికెట్‌లో ఓనమాలు తెలియవు. "నడిచొస్తున్నది," అన్నది. "బాల్ ఏసింది."

తర్వాత చెప్పడం ఆపింది.

"పిల్ల ఉన్నది," అన్నది సరళ.