మా నాన్న కోటు రంగు

ఈ పొద్దున దసరా బూజు దులుపుతూ మా ఇంటావిడ అద్దాల బీరువాలోంచి నా సీసపు సిపాయిని కింద పడేసి, "ఏం కాలే, జెరంత రంగు పోయింది" అని తేలిగ్గా చెప్పి వంటింట్లోకి వెళ్ళిపోయింది. జెరంత అంటే భుజం నుంచి నడుము దాకా. బీరువా నిండా నేను రంగులేసిన రెక్కల డ్రాగన్లు, గొడ్డళ్ళ రాక్షసులు, గుర్రాల మీది నవాబులు ఉన్నారు కదా, వాళ్ళలో ఎవడు పడ్డా నాకింత ఒళ్ళు మండేది కాదు, పడితే గిడితే వీడే పడాలా!

వేలెడంత బొమ్మకు భూతద్దం పెట్టుకుని కనుబొమలు దిద్దే ఈ పిచ్చి నాకు ఉద్యోగంలో చేరిన కొత్తలో పట్టుకుంది. అప్పుడు మేము తిరుమలగిరిలో ఉండేవాళ్ళం. బొల్లారంలో ఒక పాత సామాన్ల దుకాణంలో, దొరల పిల్లలు ఆడుకుని వదిలేసిన సీసపు సిపాయిలు తుప్పు పట్టిన బిస్కెట్ల డబ్బాలో దొరికారు. వాళ్ళలో ఒకడి మెడలో డ్రమ్ము ఉంది. మా నాన్న ఫౌజు బ్యాండులో డ్రమ్ము వాయించేవాడు, నాకు ఊహ తెలియకముందే పోయాడు, ఇంట్లో ఉన్న ఒక్క ఫోటో నలుపు తెలుపుల్లో ఉంది. ఆ సిపాయికి రంగులేస్తే నాన్నను రంగుల్లో చూడొచ్చనే ఆశతో, ఎవరినీ అడగకుండా, ఎర్రటి కోటు, బంగారు గుండీలు వేసి, కిటికీలో ఆరబెట్టి ఆఫీసుకు పోయాను.

సాయంత్రం వచ్చేసరికి సిపాయిలంతా దేవుడి గూట్లో దీపపు కుందుల పక్కన తళతళ మెరుస్తూ నిలబడి ఉన్నారు. దసరా కదా, ఇంట్లో ఉన్న ఇత్తడి, రాగి అంతా ముందేసుకున్న అమ్మ, ఇవీ లోహమే కదా అనుకుని చింతపండు, ఇటుకపొడి, కొబ్బరిపీచు పెట్టి ఒక్కొక్కణ్ణీ తోమి పారేసింది. పైగా ఎంత బాగా తోమానో చూడమని సంబరం. నాకు ఏడుపొక్కటే తక్కువ. అందులో ఒకడు నాన్న అని చెప్పాక అమ్మ ఆ బొమ్మను అరచేతిలో పెట్టుకుని కొంగుతో ఇంకోసారి తుడిచింది. ఆ తర్వాత తాపీగా, "మీ నాయిన కోటు గంత ఎర్రగ ఎన్నడుండె? తోమిందే మంచిగైంది" అంది.

ఇక షురూ అయింది నా తక్లీఫ్. దానిమ్మ గింజ రంగంది, జనరల్ బజారంతా తిరిగి తెచ్చి వేస్తే, కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసి, "కాదు బిడ్డా" అంది. నానిన ఇటుకలాగా అంది, ఎండిన మందారమంది, ఓ ఏడు ఏకంగా వంకాయ దగ్గరకు పోయింది. పూత మీద పూత పడి గుండీలు మూసుకుపోయి, నాన్న దుప్పటి కప్పుకున్నవాడిలా తయారయ్యేవాడు. అప్పుడు నేనే విసుక్కుంటూ బొమ్మను తీసుకెళ్ళి, మళ్ళీ తోమి పెట్టవే తల్లీ అని ఆవిడ చేతికే ఇచ్చేవాణ్ణి. ఏటా దసరాకు ఆవిడ తోమడం, నేను రంగులెయ్యడం, "కాదు బిడ్డా" అనడం, ఇదే మా పండుగ. పరేషాన్ చేసి చంపేది. అయితే వంకాయ రంగు చూసి కాదన్నాక, ఎండలో నిలబడి వాయిస్తుంటే ఆయన వీపు తడిసి నల్లబడేదని, ఆ చెమట మరకే తనకు గుర్తుందని, అసలు రంగు సరిగా గుర్తులేదని తనే చెప్పింది. ఆ మాట ముందే చెప్పొచ్చు కదా!

అమ్మ చనిపోయిన ఏటి దసరాకు నేను వేసిన పూత, ఆవిడ అదీ కాదన్నదే, ఇవాళ ఊడింది.

మధ్యాహ్నం ఫోటో తీసి, బొమ్మలకు రంగులేసే కుర్రాళ్ళ గుంపుకు ఫోన్‌లో పంపాను. చాయ్ తాగేలోపు జవాబులొచ్చాయి, ఒక్కొక్కడూ ఒక్కో ఎరుపు, సీసా మీది నంబరుతో సహా, "సార్, పక్కా ఇదే, ఆర్డర్ పెట్టుకోండి" అని. మా నాన్న కోటు సంగతి వీళ్ళకు పక్కాగా తెలుసట. మన రోజుల్లో దుకాణంలో రెండే ఎరుపులు ఉండేవి, కాదనే మనిషి ఇంట్లో ఉండేది. ఇప్పుడు ఎన్ని ఎరుపులు కావాలంటే అన్ని గుమ్మం ముందుకే వస్తాయి.

ఇంట్లో ఉన్న ఎరుపు సీసా మూత తీసి, కుంచె తడిపి, కిటికీ దగ్గర కూర్చున్నాను. డ్రాగన్‌కు ఏ రంగు వేసినా అడిగేవాళ్ళు లేరు, దాన్ని చూసినవాళ్ళు ఎవరున్నారు గనక. ఇప్పుడు మా నాన్న కూడా అంతే అయ్యాడు. వంటింట్లో మా ఇంటావిడ ఇత్తడి తోమడానికి చింతపండు నానబెట్టింది. కుంచె కడిగేసి, బొమ్మను తీసుకెళ్ళి ఇత్తడి కుందుల పక్కన పెట్టి వచ్చాను.