దవడన పెట్టుకో

ద్వారకానాథ్‌ది తెనాలి. మెల్‌బోర్న్‌లో బస్సు నడుపుతాడు. అక్కడి శివారు క్లైడ్ నార్త్‌లో మా పక్కిల్లే. మనిషి వెన్న, సిగరెట్ దగ్గర మాత్రం మొండిఘటం. గరాజ్ వెనక నిలబడి తాగి, గుప్పెడు సోంపు నమిలి, ఎవరికీ తెలియదనుకునేవాడు. వీధి మొత్తానికి తెలుసు.

పెర్త్‌లో ఉన్న అతని అన్న శేషాద్రికి ఊపిరితిత్తుల క్యాన్సర్. తండ్రి పోయాక తమ్ముణ్ణి చదివించి, ఈ దేశానికి రప్పించింది ఆయనే. ఇక లాభం లేదని డాక్టర్లు చెప్పేశాక ఫోన్‌లో ఒక్కటే అడిగాడట.

"ఒరేయ్, ఈసారి ఆ కంపు లేకుండా రారా. నువ్వు పక్కన కూర్చుంటే నాకు దగ్గొస్తోంది."

ద్వారకానాథ్ మా వంటింట్లో కూర్చుని ఆ మాట చెప్పి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ రోజే సిగరెట్లు చెత్తబుట్టలో పడేశాడు. మర్నాటికే గరాజ్ వెనక ఉత్త చేతుల్తో తచ్చాడుతున్నాడు. విమానంలో నాలుగు గంటలు సిగరెట్ లేకుండా ఎలా అని డిపోలో తనతో పనిచేసే పవన్‌ని అడిగాడు. పవన్‌ది కరీంనగర్. నికోటిన్ పౌచ్‌ల డబ్బా ఒకటి ఇచ్చాడు. లోపల తెల్లటి బుల్లి సంచులు. పొగ లేదు, పుదీనా వాసన.

"దవడకు పెట్టుకో అన్నా. ఎవ్వలికీ తెల్వది. ఫ్లైట్‌ల నో ప్రాబ్లమ్."

దవడన పెట్టుకోవడం తెనాలివాడికి ఒకరు నేర్పాలా! కిళ్ళీ పెట్టుకున్నట్టే పెట్టుకుని, మెల్లగా నములుతూ రసం మింగడమే అనుకున్నాడు. నమలకుండా ఊరికే అలా ఉంచి, కాసేపటికి తీసి పారేయాలని పవన్ ఉద్దేశం; రసం మింగితే నికోటిన్ విషమే. ఈయన అడగలేదు, అతను చెప్పలేదు.

విమానం ఎక్కగానే ఒకటి నమిలాడు. అన్న గుర్తొచ్చినప్పుడల్లా ఇంకొకటి. సగం దూరం వెళ్ళేసరికి ఒళ్ళంతా చల్లటి చెమట, గుండె దడ, ఆగని వాంతులు. పెర్త్‌లో దిగేసరికి అంబులెన్స్ సిద్ధంగా ఉంది. ఏమైనా తీసుకున్నారా అని అంబులెన్స్‌వాళ్ళు అడిగితే "నథింగ్" అన్నాడు. పొగాకు మాట వదిన చెవిన పడి, అక్కణ్ణించి అన్నకి తెలుస్తుందని భయం. ఒక్క ముక్క నిజం చెప్పి ఉంటే అంత దూరం వచ్చేది కాదేమో! తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది, జాలీ వేస్తుంది. వాళ్ళు గుండెజబ్బనుకుని ఏదో ఆసుపత్రికి తీసుకెళ్ళి ఒంటినిండా వైర్లు తగిలించారు.

"మై బ్రదర్ ఈజ్ డైయింగ్, ప్లీజ్" అని కనబడ్డవాళ్ళందర్నీ బతిమాలాడు. చివరికి బయటపడి, టాక్సీలో అన్న ఇంటికి చేరేసరికి శేషాద్రి అప్పటికే కన్నుమూశాడు.

వదిన విద్యావతి గుమ్మంలోనే అతన్ని పట్టుకుని బావురుమంది.

"దిగాడా, దిగాడా అని అడుగుతూనే ఉన్నారు ద్వారకా..."

అంటూనే ఆగింది. అతని దగ్గర సిగరెట్ వాసన లేదు.

"మానేశావా అబ్బాయ్?"

ద్వారకానాథ్ తల దించుకున్నాడు. ఆవిడ అతని చెయ్యి పట్టుకుని మంచం దగ్గరికి తీసుకెళ్ళింది. భర్త చెవి దగ్గరికి వంగింది.

"ఏవండీ, మీ తమ్ముడు మానేశాడండీ. కంపు లేకుండానే వచ్చాడు."