బానెట్ ముందర మనిషి

బంగారుపాళ్యంలో ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఓనరు దగ్గర పద్దెనిమిదేండ్లు డ్రైవరుగా పనిచేసినాను. అన్నేండ్లలో నడిపింది రెండే బండ్లు. రెండూ ఒకే విదేశీ కంపెనీవి. రెండింటి వెనక తలుపు మీదా ఒకటే పేరు. పేరు తప్ప ఆ రెంటికీ పోలిక లేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

పాత బండి పెట్టె మాదిరి ఉండేది. నిలువు అద్దాలు, గుండ్రటి దీపాలు, వెనక తలుపుకు తగిలించిన స్టెప్నీ, ముందర ఇనుప బంపరు. సీట్లో కూర్చుంటే బానెట్ రెండు మూలలూ కనపడేవి. మొగిలి ఘాట్‌లో ఎదురుగా లారీ వచ్చినా, రోడ్డు అంచుకు నా చక్రం ఎంత దూరంలో ఉందో చూసి చెప్పేవాణ్ణి. ఆ రోజుల్లో అదీ ఖరీదైన బండే. అయినా తోటల్లోకి పోతే కూలోళ్ళు ఆ బంపరు మీద కూర్చొని మజ్జిగ తాగేవాళ్ళు. ఓనరు ఏమీ అనేవాడు కాదు.

కొత్త బండి వచ్చిన రోజు ఫ్యాక్టరీ అంతా బయటికొచ్చి చూసింది. నేనూ మురిసిపోయినాను, అబద్ధమెందుకు. ముందరంతా నోరు తెరిచినట్టు పెద్ద నల్ల జాలీ. దీపాలు కళ్ళు చికిలించినట్టు సన్నంగా ఉండినాయి. తలుపు పిడులు లోపలికి ముడుచుకొని, తాళం తీస్తేనే బయటికొస్తాయి. కిటికీలు ఇరుకైపోయినాయి. బానెట్ నా రొమ్ము దాకా లేచింది. తిప్పే గుండీలన్నీ పోయి, టీవీ అంత తెర వచ్చింది.

రెండు దినాలు నడిపి ఓనరుతో చెప్పినాను.

"సార్, ముందర నేల కనపడటంలేదు. బానెట్ అడ్డమొస్తా ఉండాది."

"కెమెరా ఉండాది కదప్పా. తెర చూసి నడుపు."

"యార్డులో ఏది దగ్గరికొచ్చినా కీ కీమని అరుస్తానే ఉండాది సార్."

"ఆపేయ్ దాన్ని. తలనొప్పి."

ఆపేసినాను. చెప్పింది ఆయనే, ఆపింది మాత్రం నా చెయ్యే.

కాయలు ఏరే ఆడోళ్ళలో యాభై దాటిన ఒకామె ఉండేది. అక్కా అని పిలిచేవాణ్ణి. కాయను ముక్కు కాడికి తీసుకుంటే చాలు, లోపల కుళ్ళు ఉందో లేదో చెప్పేసేది. ఒకరోజు కొత్త బండిని ఎగాదిగా చూసి, "దీని మొగం సూస్తే బయమేస్తాదబ్బా. పాతది నవ్వుతా ఉండేది," అనింది. నేను నవ్వేసినాను.

ఆ మామిడి సీజన్లోనే ఒక పొద్దున, యార్డులో ట్రాక్టర్లు బారులు తీరినాయి. నేను బండి స్టార్ట్ చేసినాను. తెర మీద ముందరి నేల కనపడింది. ఖాళీగానే ఉండింది. అంతలో ఓనరు ఫోను. కెమెరా బొమ్మ పోయి తెర నిండా ఆయన ఫోటో వచ్చింది. "బండి ఆఫీసు కాడికి తే, బిన్నా రా!" అని తొందరపెట్టినాడు. గేరు వేసి బ్రేకు మీదినుంచి కాలు తీసినాను. ఆ బండికి అంతే చాలు, దానంతట అదే కదులుతుంది.

"నిలుపప్పా! నిలుపు!" అని ఆడోళ్ళు కేకలు పెట్టినారు.

బ్రేకు తొక్కి, దిగి చూస్తే అక్క బంపరు కింద పడి ఉంది. ట్రాక్టరు మీదినుంచి దొర్లిన కాయలు ఏరుకోవడానికి, ఫోను వచ్చిన ఆ క్షణంలోనే నా బండి ముందర గొంతుక్కూర్చుందంట. బండి మీదికొస్తుంటే రెండు అరచేతులతో దాన్ని కొట్టిందంట. నాకు వినపడలేదు. లోపల అంత నిశ్శబ్దం. పట్టుకుందామన్నా ఆ నున్నటి ముందరి భాగంలో ఆమెకు పట్టు లేదు.

బండి వెనక్కి తీసి, నలుగురం ఆమెను ఎత్తినాం. ఒకామె వెనక తలుపు తీయబోయింది. పట్టుకోవడానికి పిడి లేదు, చెయ్యి రంగు మీద జారిపోతోంది. నేను పరిగెత్తి లోపల బటన్ నొక్కితే గానీ ఆ పిడి బయటికి రాలేదు. అప్పటికి ఓనరు వచ్చినాడు. సీట్ల వైపు చూసినాడు.

"ఆటో పిలవండప్పా. తెల్ల సీట్లు అవి."

"మనిషికి కాలు ఇరిగింది సార్!" అని అరిచినాను. ఆయన మీద గొంతు లేపడం అదే మొదలు. ఆయన మాట కోసం చూడకుండా ఆమెను పండబెట్టి చిత్తూరు ఆసుపత్రికి తోలినాను. దారిలో ఆమె మూలుగుతానే, "నా చీరకంతా కాయల రసమబ్బా. సీటు మీద గుడ్డేమన్నా వేయాల్సింది," అనింది.

తొడ ఎముక విరిగింది. లోపల కడ్డీ వేసినారు. ఓనరు అందరితో "డ్రైవరు చూసుకోలేదు" అన్నాడు. పోలీసులు అడిగితే ఆమె మాత్రం, "ఆ డ్రైవరబ్బకు నేను కనపడలేదు సార్," అని చెప్పింది.

కొన్ని దినాలకు సర్వీసు కోసం బండిని తిరుపతి షోరూముకు తీసుకుపోయినాం. అక్కడ ఇంకా కొత్త మోడల్ నిలబెట్టి ఉంది. అమ్మే అతను ఓనరుకు చూపిస్తా, "బానెట్ ఇంకా ఎత్తు చేసినారు సార్. రోడ్డు మీద ఎదుటోడు చూస్తానే బెదరాల," అన్నాడు. ఓనరు నవ్వినాడు.

ఆ నవ్వు చూసినాక నేను ఆగలేకపోయినాను.

"సార్, మీరు సీట్లో కూర్చోండి ఒకసారి," అన్నాను అతనితో. ఏదో సందేహం తీర్చుకుంటాననుకొని కూర్చున్నాడు. నేను పోయి బానెట్ ముందర గొంతుక్కూర్చున్నాను.

"కనపడుతున్నానా?"

"లేదండీ. ఎక్కడున్నారు?"

"ఈడే ఉండాను! మీ బండి మూతి కాడ! బెదిరేవాడు పెద్ద బండ్లో ఉంటాడు, తప్పుకుంటాడు. నేల మీద కూర్చొని పని చేసుకునేవాళ్ళు యాడికి తప్పుకోవాల? పాత బండి గీసినోడికి మనిషి కనపడాలని తెలుసు. ఇది గీసినోడికి మనిషి బెదరాలని తప్ప ఏం తెలుసు?"

షోరూమంతా నావైపు తిరిగింది. ఓనరు మొగం ఎర్రబడింది. "లేయ్ పైకి. పరువు తీయద్దు."

"మీరూ ఒకసారి కూర్చొని చూడండి సార్."

ఆయన కూర్చోలేదు. నేను లేచి తాళం ఆయన చేతిలో పెట్టి, బస్టాండు దాకా నడిచిపోయినాను. ఇప్పుడు తిరుపతిలో ఒక కాలేజీ బస్సు నడుపుతున్నాను. ఓనరు ఆ ఎత్తు మోడలే కొన్నాడని విన్నాను.

పోయిన ఎండాకాలం అక్కను చూడ్డానికి పోయినాను. కర్ర పట్టుకొని ఇంట్లో నాలుగడుగులు వేస్తోంది. ఏరే పనికి మళ్ళీ పోలేదు. నేల మీద కూర్చుంటే లేవలేదు.

"పనెందుకు ఇడిసినావబ్బా?" అని అడిగింది. "నా వల్లేనా?"

ఆ మాటకు నాకు వచ్చిన కోపం ఇంకా చల్లారలేదు. ఆమె అలా అడగాల్సి వచ్చినందుకు వచ్చిన కోపం అది. ఆ రోజు బ్రేకు మీదినుంచి తీసిన నా కాలి మీద కూడా.

"నీ వల్ల కాదక్కా," అన్నాను. కర్రను ఆమె చేతికి అందేట్టు పెట్టి, పక్కన కూర్చున్నాను.